భైరవతీరం విదేశాంగ మంత్రి

మా దేశాలు పుట్టింది మద్రాసు కోడంబాక్కంలో, ఒక డబ్బింగ్ పని మధ్యలో ఆగిపోవడం వల్ల.

నేను డబ్బింగ్ సినిమాలకూ సీరియళ్లకూ తెలుగు మాటలు రాస్తాను. తెర మీద వేరే భాషలో కదిలే పెదవులకు సరిపోయే మాట వెతకడం నా పని. పెదవులు కలిసిన చోట ప, బ, మ లాంటి అక్షరం పడాలి. నోరు బాగా తెరిచిన చోట నోరు తెరిచే మాటే ఉండాలి. అర్థం కాస్త అటూ ఇటూ అయినా జనం క్షమిస్తారు గానీ పెదవి తప్పితే పట్టేస్తారు. ముప్పై ఏళ్లుగా ఇదే పని కావడంతో, ఎవరు మాట్లాడుతున్నా నేను కళ్లలోకి చూడను, నోటి వైపు చూస్తాను. పెళ్లిళ్లలో నాతో మాట్లాడినవాళ్లు చాలామంది పళ్ల మధ్య ఏదో ఇరుక్కుందనుకుని తడుముకున్నారు.

కొన్నేళ్ల కిందట ఒక పరాయి దేశపు సీరియల్ మా దగ్గరికొచ్చింది. పంతొమ్మిదో శతాబ్దపు రాజులు, రాయబారులు, చేతులు వెనక్కి కట్టుకుని గదిలో తిరుగుతూ ఒకళ్లనొకళ్లు మర్యాదగా బెదిరించుకునే మంత్రులు. అందులో ముసలి ప్రధానమంత్రికి గొంతిచ్చింది అన్నయ్య. సొంత అన్న కాదు. తెనాలి వైపు నుంచి కుర్రతనంలోనే మద్రాసొచ్చి, డబ్బింగ్‌లో స్థిరపడిన మనిషి. నేను ఈ పనిలో చేరిన మొదటి వారం నుంచి నేను రాసింది పలికింది ఆయనే. జడ్జీలు, విలన్లు, కోపిష్టి మామగార్లు, అప్పుడప్పుడూ దేవుళ్లు. ఆ గొంతు వినని తెలుగిల్లు ఉండదు. ఆ మొహం మాత్రం మా వీధి చివర టీ కొట్టతనికి తప్ప ఎవరికీ తెలియదు.

సీరియల్ సగంలో ఉండగా పని ఆపేయమన్నారు. కారణం ఎవరూ చెప్పలేదు, మాకు ఎప్పుడూ ఎవరూ చెప్పరు. ఆ రోజు స్టూడియో మెట్లు దిగుతూ అన్నయ్య అడిగాడు:

“ఇంతకీ ఆ ముసలాయన సంధి మీద సంతకం పెట్టాడా, లేదా?”

“నాకేం తెలుసు అన్నయ్యా? మిగతా భాగాలు పంపిస్తేగా!”

“తెలియకపోతే మనమే రాసుకుందాం. మనకేమన్నా చేతకాదా?”

అట్లా మొదలైంది, తలా ఒక కాగితం దేశం కట్టుకుని, దానికి మంత్రులమై ఒకళ్లకొకళ్లు ఉత్తరాలు రాసుకునే ఆట. ఆ సీరియల్‌లో రాచమర్యాదల మాటలు సరిచూడడానికి మాధవరం నుంచి ఒక రిటైరైన చరిత్ర టీచరు వచ్చేది. ఆవిడని పిలిచాం. మా కింది వాటాలో కొన్నాళ్లు అద్దెకుండి వెళ్లిన ఇంజనీరు ఒకాయన, శ్రీకాకుళం మనిషి, మనలి రిఫైనరీలో షిఫ్టు పని. ఆయన్నీ పిలిచాం. ఆదివారం మధ్యాహ్నాలు మా మేడ మీద గదిలో కూర్చునేవాళ్లం. మా ఆయన ఒక గిన్నె నిండా సుండల్ గుగ్గిళ్లు పెట్టించి, మేం దేశాల్లోకి దిగకముందే చెప్పులేసుకుని బయటపడేవారు. ఈ వయసులో ఇదేం ఆట అని అడిగిన బంధువులున్నారు. వాళ్లు పొద్దున లేచిన దగ్గర్నుంచి ఫోన్‌లో రంగురంగుల మిఠాయిలు పేలుస్తారు.

సొంత దేశం కట్టుకోవడం తేలికనుకున్నాను. నాలుగు కొండలు గీసి, దేవదారు చెట్లు పెట్టి, సరళాద్రి అని పేరు పెట్టి, చిన్న వయసు రాణిని సింహాసనం మీద కూర్చోబెట్టి, గర్వంగా కాగితం టీచరమ్మ ముందుంచాను. ఆవిడ మా ఆటకి మధ్యవర్తి. ఆవిడకంటూ ఏ దేశమూ లేదు, ఒక పెద్ద రిజిస్టరు మాత్రం ఉంది. వాళ్ల కుటుంబం మద్రాసులో ఎన్ని తరాల నుంచి ఉందో వాళ్లకే లెక్క తెలియదు.

“అంతా బాగుండాది. మీ జనానికి ఉప్పు ఏడనించి వస్తాది?” అంది.

ఉప్పు గురించి నేను ఆలోచించలేదు.

“కొండలే అంటివి. సముద్రం లేదు. ఉప్పు లేకుండా రాణి ఏం తింటాది ప్పా? పోయి ఆలోచించుకోనిరా.”

వారం రోజులు ఉప్పు గురించే ఆలోచించాను. వంట చేస్తుంటే కూడా చేతిలో ఉప్పు పట్టుకుని నిలబడిపోయేదాన్ని. రిఫైనరీ ఆయన తీసుకొచ్చిన దేశం ఇంకో రకం. రాజు లేడు, జెండా లేదు, పేరు కూడా చివరి నిమిషంలో ‘ఉత్తర సమాఖ్య’ అని రాశాడు. కానీ రాజధానిలో మురుగు కాలవలు ఎటు నుంచి ఎటు పారతాయో, బొగ్గు ఏ రేవులో దిగుతుందో, శీతాకాలంలో ఏ నది గడ్డకడుతుందో మూడు పేజీల పటాలున్నాయి. ఉన్న రేవులన్నీ మూడు నెలలు గడ్డకట్టేలా ఆయనే గీసుకున్నాడు. ఎందుకయ్యా అంటే, “దేశమన్నాక ఏదో ఒక బాధుండాలి కదండీ” అన్నాడు. ఆ మాటకి టీచరమ్మ ఆయనకి రెండు మార్కులు ఎక్కువేసింది. నాకు ఒళ్లు మండింది.

అన్నయ్య తన దేశాన్ని పలికి చూసి పేరు పెట్టాడు. గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఓ పాతిక పేర్లు గట్టిగా అని చూసి, చివరికి ‘భైరవతీరం’ దగ్గర ఆగాడు. నా కొండలకీ సమాఖ్యకీ మధ్య సముద్రం పక్కన సన్నటి పట్టీ. సైన్యం లేదు. ఓడలు ఎనిమిది, అందులో రెండు కారుతుంటాయి. ఉన్నదల్లా ఎన్నడూ గడ్డకట్టని రేవు ఒకటి, ఆ రేవు కోసం అందరితోనూ తగువు పెట్టుకునే విదేశాంగ మంత్రి ఒకడు. ఆ మంత్రి అన్నయ్యే. నా ఉప్పు ఆ రేవులోనే దిగేది.

ఒక ఆదివారం అంటే ఆటలో మూడు నెలలు. ప్రతి మంత్రీ వారమంతా ఆలోచించి ఉత్తరం రాసుకొస్తాడు. మొదట్లో రిఫైనరీ ఆయన షిఫ్టులో ఉన్నానంటూ ఉత్తరాలు వాట్సాప్‌లో పంపేవాడు. రాయబారమంటే ఫోన్‌లో పడేసే మెసేజా అని నాకు చిర్రెత్తుకొచ్చి ఒక నియమం పెట్టించాను. ఏ ఉత్తరమైనా రాసిన మంత్రి నిలబడి తన నోటితో తానే చదవాలి. చదవని ఉత్తరం చేరనట్టే లెక్క. వరసగా మూడు ఆదివారాలు తన మంత్రి చదవని దేశాన్ని పొరుగువాళ్లు పంచుకోవచ్చు. టీచరమ్మ రిజిస్టరు మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసింది. దాని కింద అందరికంటే పెద్ద సంతకం నాదే.

ఆ నియమం అందరికంటే ఎక్కువ కలిసొచ్చింది అన్నయ్యకి. ఎనిమిది ఓడల దేశం నాలుగేళ్లపాటు ఎవరికీ లొంగలేదంటే ఆ చదవడం వల్లే. లేచి కుర్చీ వీపు మీద ఎడమ చెయ్యి వేసి, మైకు ముందు నిలబడ్డట్టు కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, ‘సరళాద్రి ప్రభుత్వం వారికి’ అని మొదలుపెడితే, ఆ ప్రభుత్వం నేనే అయినా నేను కొంగు సర్దుకుని నిటారుగా కూర్చునేదాన్ని. ఒకసారి రిఫైనరీ ఆయన యుద్ధం ప్రకటించే ఉత్తరం జేబులో పెట్టుకొచ్చి, అన్నయ్య చదివింది విన్నాక, తీయకుండానే మనలి తిరిగి వెళ్లిపోయాడు.

గొంతు బొంగురుపోవడం మొదలైనప్పుడు వాతావరణం అనుకున్నాం. స్టూడియోలో ఏసీ అనుకున్నాం. మిరియాల పాలు, కరక్కాయ, ఎవరికి తెలిసింది వాళ్లం చెప్పాం. తర్వాత పరీక్షలు చేశారు. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు, తీసేశారు. మనిషి దక్కాడు. అది మాటల్లో రాయడానికి ఒక్క వాక్యం, మాకు అది ఒక వానాకాలమంతా పట్టింది. ఆ రోజుల్లో దేశాల కాలం ఆపేశాం. టీచరమ్మ రిజిస్టరులో ఆ తారీకు దగ్గర గీత గీసి మూసిపెట్టింది.

ఆస్పత్రివాళ్లు మెడకి ఆనించి పట్టుకుంటే మాట పలికే చిన్న యంత్రం చూపించారట. అన్నయ్య ఒక్కసారి పట్టుకుని, అందులోంచి వచ్చిన ఎగుడుదిగుడులేని చప్పుడు విని, దాన్ని మళ్లీ పెట్టెలో పెట్టేశాడని వదిన చెప్పింది. గొంతే బతుకైన మనిషి. బలవంతం చేసే హక్కు మాకెవరికీ లేదు.

కోలుకున్నాక మొదటిసారి మా మేడ మెట్లెక్కి వచ్చినప్పుడు మెడ కింద తెల్లటి గుడ్డ కట్టుకుని ఉన్నాడు, చేతిలో రాసి బటన్ నొక్కితే చెరిగిపోయే పలక. బాగా చిక్కిపోయాడు. మేం ముగ్గురం ముందే మాట్లాడుకుని ఉన్నాం. టీచరమ్మ మెత్తగా చెప్పింది:

“నియమం తీసేస్తాం సామీ. మీరు రాస్తే చాలు, మేం చదువుకుంటాం.”

అన్నయ్య పలక మీద రాశాడు: ‘రూలు రూలే. జాలిపడి ఇచ్చిన దేశం నాకొద్దు.’

టీచరమ్మ రిజిస్టరు తెరిచి గీత కింద కొత్త తారీకు వేసింది. అయితే ఎలా చదవాలన్నది ఎవరికీ తోచలేదు. అప్పుడు నేను చెయ్యి చాపాను. ఆయన గొంతు, నా రాత, ముప్పై ఏళ్లు ఒక్కటిగా నడిచినవే కదా, ఈ ఒక్కసారి ఆయన రాత నా గొంతుతో నడవనీ అని నా ఉద్దేశం. ఆయన కాసేపు కాగితం పట్టుకునే ఉండి, ఇచ్చాడు.

నేను నిలబడి చదివాను. సమాఖ్య యుద్ధనౌకలు శీతాకాలానికి భైరవతీరం అఖాతంలోకి వచ్చి లంగరు వేసి ఉన్నాయి. దాని గురించి ఉత్తరం. మొదటి నాలుగు వాక్యాలు ఉన్నది ఉన్నట్టు చదివాను. ఐదో వాక్యం ఇలా ఉంది: ‘ఈ రోజు నుంచి మా రేవును అన్ని దేశాలకూ మూసివేస్తున్నాం.’ వాక్యం మొరటుగా తోచింది. డబ్బింగ్ బూత్ బయట కూర్చుని మాటలు మార్చడం ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనే, ఆలోచించకుండా చేసేశాను. ‘రేవు విషయంలో తగిన నిర్ణయం త్వరలో తెలియజేస్తాం’ అని చదివాను. ఎంత నున్నగా వచ్చిందంటే నాకే ముచ్చటేసింది.

అన్నయ్య అరచేత్తో బల్ల మీద కొట్టాడు. సుండల్ గిన్నె ఎగిరిపడింది. నా చేతిలో కాగితం లాక్కుని, పలక కూడా మర్చిపోయి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఏం జరిగిందో మిగతా ఇద్దరికీ నేనే చెప్పుకోవాల్సి వచ్చింది.

టీచరమ్మ నా వైపు చూడకుండా రిజిస్టరులో ‘చదవలేదు’ అని రాసి, ఆ ఉత్తరం తేలేదాకా ఆటలో శీతాకాలం కదలదంది. చదవని ఆదివారాల్లో అది ఒకటి.

మరుసటి ఆదివారం ఆయన రాలేదు. రెండు.

సోమవారం వదిన ఫోన్ చేసింది. “ఏంటమ్మా మీ ఆట గొడవ? ఆస్పత్రి నుంచి వచ్చాక ఈయన కలం పట్టుకుంది దానికొక్కదానికే. ఇప్పుడు ఆ కాగితాలన్నీ కట్టగట్టి అటక మీద పెట్టమంటున్నాడు. రోజంతా గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. నాకు భయంగా ఉంది” అంది. ఇంకో ఆదివారం గడిస్తే భైరవతీరం ఉండదు. ఆ దేశం పోతే పోయింది, కాగితం దేశం. కానీ అన్నయ్య గోడ వైపు నుంచి ఇటు తిరగడానికి మా దగ్గర ఇంకేమీ లేదు.

పలక తీసుకుని ఆ సాయంత్రమే వెళ్లాను. రెండు వీధుల దూరం. దారంతా ఏం చెప్పాలో వాక్యాలు కూర్చుకున్నాను. ఆయన ఎదురుగా కూర్చున్నాక అవేమీ చెప్పలేదు.

“తప్పు చేశాను అన్నయ్యా” అన్నాను. “నీ మాట మార్చాను. అలవాటులో మార్చాను గానీ, మార్చాను.”

ఆయన పలక తీసుకుని, రాసి, నా వైపు తిప్పాడు.

‘ముప్పై ఏళ్లు నువ్వు రాసిందే నేను పలికాను. ఇది ఒక్కటే నేను రాసుకున్నది.’

నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందే ఏడ్చాను. ఇన్నేళ్లలో ఆయన మాట అంటూ ఒకటి ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు. నా మాటల్ని గొప్పగా చేసిపెట్టే గొంతుగానే చూశాను, దాన్ని ప్రేమనుకున్నాను. వదిన కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టి, మా ఇద్దర్నీ చూసి లోపలికెళ్లింది. నేను బయల్దేరేముందు ఒక్కటే అడిగాను:

“ఆదివారం వస్తావా?”

బటన్ నొక్కి పలక చెరిపేశాడు.

ఆ ఆదివారం నేను రెండింటి నుంచే కిటికీ దగ్గర ఉన్నాను. లోకల్ రైళ్లు పోతున్నాయి, వస్తున్నాయి. టీచరమ్మ మాధవరం బస్సు దిగి చెమటలు కక్కుతూ వచ్చింది. రిఫైనరీ ఆయన పగలు షిఫ్టు ఇంకొకరికి మార్చుకుని వచ్చాడు. “ఆయన రాపోతే నేనా దేశం తీసుకోనండీ, ముందే చెప్తున్నాను” అన్నాడు కూర్చుంటూనే. నాలుగు దాటాక మెట్ల మీద అడుగుల చప్పుడైంది. అన్నయ్య ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో వచ్చాడు. చేతిలో మడిచిన కాగితం. పలక తెచ్చుకోలేదు.

“భైరవతీరం ఉత్తరం ఉండాదా?” అంది టీచరమ్మ.

ఆయన లేచాడు. ఎడమ చెయ్యి కుర్చీ వీపు మీద వేశాడు, కాళ్లు కాస్త ఎడంగా పెట్టాడు, కాగితం విప్పి చదవడం మొదలుపెట్టాడు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. మెడ దగ్గర గుడ్డ గాలికి కొద్దిగా లేచి పడుతోంది. అంతకుమించి చప్పుడు లేదు. తొందరపడలేదు. ఆగాల్సిన చోట ఆగాడు, కనుబొమ్మ ఎత్తాల్సిన చోట ఎత్తాడు. సమాఖ్య పేరు వచ్చినప్పుడు కాగితం దించి రిఫైనరీ ఆయన వైపు సూటిగా చూశాడు.

నాకు ప్రతి మాటా తెలుస్తోంది. పెదవులు చదవడం నా పని. నోట్లో మాట పైకి లేస్తోంది, అందరికీ వినిపించమని తొందరపెడుతోంది. నాలుక పళ్ల మధ్య నొక్కిపట్టాను. నా జీవితంలో నేను అంతసేపు నోరు మూసుకుని కూర్చున్నది అదొక్కసారే.

చదవడం అయింది. ఆయన నిలబడే ఉన్నాడు. టీచరమ్మ కలం పట్టుకుని రిఫైనరీ ఆయన వైపు తిరిగింది.

“ఉత్తర సమాఖ్య వినిందా?”

విన్నామను, అబద్ధమైనా పరవాలేదు, విన్నామను అని మనసులోనే ఆయనకి దణ్ణాలు పెడుతున్నాను. ఆయన తల గోక్కున్నాడు.

“లేదండీ. నాకు సగం కూడా అందలేదు.”

ఆ క్షణాన ఆయన్ని మేడ మీంచి కిందికి తోసేద్దామనిపించింది. అన్నయ్య కాగితం పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. రిఫైనరీ ఆయన కుర్చీని బర్రున నేల మీద ఈడ్చుకుంటూ వెళ్లి, అన్నయ్య ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా వేసుకుని కూర్చున్నాడు. కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు.

“ఇంకోసారి చదవండి గురువుగారూ. మా దేశానికొచ్చిన ఉత్తరమది, నాకు తెలవాలి కదా.”

అన్నయ్య ఆయన మొహంలోకి చూశాడు. జాలి ఏమన్నా ఉందేమో వెతికాడనుకుంటాను. ఆ మొహంలో ఉన్నది ఆత్రం. కాగితం మళ్లీ పైకెత్తి మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టాడు. ఈసారి రిఫైనరీ ఆయన పెదవులు కూడా వెంబడే కదులుతున్నాయి. ఒక్కో మాటా కూడబలుక్కుంటున్నాడు. మొదటి వాక్యం, రెండోది, మూడోది. ఐదో వాక్యం దగ్గర ఉన్నట్టుండి ఆగిపోయి, లేచి నిలబడ్డాడు.

“ఏటి? రేవు మూసెత్తారా?”

అన్నయ్య తలూపాడు.

“శీతాకాలం నడిమిన మూసెత్తే మా ఓడలేటైపోవాలి? ఆడ మా నావికులు పదకొండొందల మందున్నారు! ఎవరినడిగి మూత్తారు మీరు?”

నటన కాదది. మెడ నరాలు ఉబ్బాయి. ఆయన ఆ ఓడలకి బాయిలర్లు ఎక్కడుంటాయో కూడా గీసుకున్న మనిషి. టీచరమ్మ తలొంచుకుని రిజిస్టరులో ‘చదివారు’ అని రాసింది. సరళాద్రి మంత్రిగా నేను కూడా లేచి అభ్యంతరం చెప్పాలి. నా వల్ల కాలేదు, కొంగుతో మొహం తుడుచుకుంటున్నాను.

అన్నయ్య కాగితం బల్ల మీద పడేశాడు. ఇక చూసి చదవడం లేదు. వేలు చూపిస్తూ, బల్ల తడుతూ, ఎదుటి మనిషి ఒకటంటే పెదవులతోనే పది అంటున్నాడు. ఆ వేగానికి ముప్పై ఏళ్ల అనుభవమున్న నాకే రెండు మూడు మాటలు దాటిపోయాయి. రిఫైనరీ ఆయన ఆ పెదవుల మీంచి చూపు తిప్పకుండా, చెమటలు కారుతుండగా, రెండు చేతులూ ఎత్తాడు.

“కొంచెం మెల్లగా తిట్టండి గురువుగారూ! అందట్లేదు నాకు!”

అన్నయ్య మెల్లగా తిట్టలేదు.